బోరు నీళ్లలో పెట్రోలు వాసన వస్తే

పొద్దున మోటారు వేయగానే కుళాయి దగ్గర పెట్రోలు వాసన గుప్పుమంటే ఇంట్లో ముందు లేచేది కోపం. దగ్గరలో బంకు ఉంటే ఆ కోపం ఎవరి మీద చూపాలో కూడా వెతుక్కోనక్కర్లేదు. రెండు రోజులు వీధిలో పంచాయితీ నడుస్తుంది. మూడో రోజుకు వాసన కాస్త తగ్గుతుంది. వారానికి అందరూ మరిచిపోతారు. నేలలోకి దిగిన ఇంధనం మాత్రం అక్కడే ఉంటుంది. ఆరు నెలల తర్వాత వాసన మళ్లీ వచ్చినప్పుడు అది మొదట ఏ తేదీన కనిపించింది, ఎవరి బోర్లో వచ్చింది, అప్పుడు నీళ్లు ఎంత లోతున ఉన్నాయి అని అడిగితే చెప్పడానికి చేతిలో ఒక్క కాగితం కూడా ఉండదు.

అనుమానం ఎంత బలంగా ఉన్నా అది ఆధారం కాదు. అనుమానాన్ని ఆధారంగా మార్చే పనిలో పెద్ద భాగం మామూలు మనుషులు చేయగలిగేదే. దానికి డబ్బు కన్నా ఓపిక, వరస ఎక్కువ కావాలి. ఆ వరస ఏమిటో ఇక్కడ చెబుతాను. నంద్యాల, ఆళ్లగడ్డల నేలను ఉదాహరణగా తీసుకుంటున్నాను. కర్నూలు నుంచి కడప వైపు పోయే 40వ నంబరు జాతీయ రహదారి ఈ రెండు ఊళ్ల మీదుగానే వెళుతుంది. లారీలు తిరిగే దారి కాబట్టి బంకులు, మెకానిక్ షెడ్లు, సర్వీసింగ్ చేసే చోట్లు, వాటి పక్కనే ఇళ్లు, పొలాలు, బోర్లు అన్నీ ఉంటాయి. ఫలానా బంకు కారుతోందని చెప్పడం నా ఉద్దేశం కాదు. కారితే ఏం చేయాలో, అసలు కారుతోందో లేదో ఎలా తేల్చుకోవాలో చెప్పడమే ఉద్దేశం.

మొదటి గంట

పెట్రోలు ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు. అందుకే అది పైకి పోకుండా పల్లానికి జారుతుంది. బావిలో, సంపులో, సెల్లారులో, మురుగు కాలువలో నిలబడిపోతుంది. గాలిలో దాని పాలు 1.4 శాతం దాటిందంటే ఒక్క నిప్పురవ్వ చాలు. వాసన ఘాటుగా ఉంటే మోటారు స్విచ్ ముట్టుకోవద్దు, వేయడానికీ వద్దు, ఆపడానికీ వద్దు. అగ్గిపుల్ల గీసి బావిలోకి తొంగి చూడటం, చూసి రమ్మని మనిషిని లోపలికి దించడం ప్రాణం మీదికి తెచ్చుకునే పనులు. పిల్లలను దూరంగా పంపి 101కి ఫోన్ చేయండి.

ఇది అతిగా భయపెట్టడం కాదు. 1992 ఏప్రిల్ 22న మెక్సికోలోని గ్వాడలహారా నగరంలో మురుగు కాలువల్లోకి చేరిన పెట్రోలు పేలి వీధులకు వీధులు లేచిపోయాయి. 200 మందికి పైగా చనిపోయారు. భూమిలో పెట్రోలు పైపుకు ఆనుకుని నీళ్ల పైపు వేయడంతో ఆ రెండు లోహాల మధ్య జరిగిన విద్యుత్ రసాయన చర్య వల్ల పెట్రోలు పైపు తుప్పు పట్టి చిల్లి పడింది. అంతకు ముందు కొన్ని రోజులుగా వాసన వస్తోందని జనం చెబుతూనే ఉన్నారు. అధికారులు వచ్చి చూశారు, ఇళ్లు ఖాళీ చేయించలేదు. అందుకే వాసన వస్తోందన్న మాటను పెద్దవాళ్లు చెప్పినా, పిల్లలు చెప్పినా కొట్టిపారేయకూడదు.

ఆ నీళ్లు తాగడం, వంటకు వాడటం వెంటనే ఆపండి. కాచి తాగితే సరిపోతుందన్న మాట ఇక్కడ పనికిరాదు. బెంజీన్ 80 డిగ్రీలకే మరుగుతుంది. నీళ్లు కాగేలోపే అది ఆవిరై వంటింటి గాలిలో కలుస్తుంది, పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి దాన్ని పీలుస్తుంది. ఆ నీళ్లతో వేడినీళ్ల స్నానమూ అంతే. ఇంట్లో ఆర్వో మిషను ఉందన్న ధీమా కూడా పెట్టుకోవద్దు. అందులోని కార్బన్ ఫిల్టరు కొంతకాలం బెంజీన్‌ను పట్టుకుంటుంది. అది నిండాక పట్టుకోదు, ఎప్పుడు నిండిందో మనకు తెలియదు.

బెంజీన్ గురించే ఇంత చెప్పడానికి కారణం ఉంది. అది రక్త క్యాన్సరుకు దారితీస్తుందని రుజువైన పదార్థం. తాగే నీళ్లలో లీటరుకు 10 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అమెరికా పరిమితి 5. మన భారత్ స్టేజ్ 6 పెట్రోలులో బెంజీన్ 1 శాతం దాకా ఉండొచ్చు. అంత ఉన్న పెట్రోలు ఒక్క లీటరు తీసుకున్నా, అందులోని బెంజీన్ 8 లక్షల లీటర్లకు పైగా నీళ్లను ఆ 10 మైక్రోగ్రాముల గీత దగ్గరకు తేగలదు. ఇప్పుడు ఒక పైపు జాయింటు దగ్గర సెకనుకు ఒక్క చుక్క కారుతోందనుకోండి. రోజుకు 4 లీటర్లు, ఏడాదికి 1500 లీటర్లు. బంకు లెక్కల్లో రోజుకు 4 లీటర్లు ఎవరి కంటికీ ఆనవు.

అది నిజంగా పెట్రోలేనా

నీళ్ల మీద రంగురంగుల పొర కనిపించగానే చమురు అనుకుంటాం. ఇనుము ఎక్కువగా ఉన్న నీళ్లలో బ్యాక్టీరియా కూడా అచ్చం అలాంటి పొరే కడుతుంది. తేల్చుకోవడానికి ఒక పుల్ల చాలు. వెడల్పాటి గిన్నెలో నీళ్లు పట్టి, కదలకుండా ఉంచి, పొర మధ్యలో పుల్లతో గీయండి. బ్యాక్టీరియా పొర అయితే అంచులు కోసుగా పెంకుల్లా విరుగుతుంది, విరిగిన ముక్కలు విడివిడిగానే ఉంటాయి. చమురు అయితే గీసిన చోట పక్కకు జరిగి, సుళ్లు తిరిగి మళ్లీ ఒకటైపోతుంది. పది పైసల ఖర్చు లేని ఈ పరీక్ష చాలా గొడవలను మొదట్లోనే ఆపుతుంది.

కుళ్లిన గుడ్డు వాసన వస్తుంటే అది పెట్రోలు కాదు, గంధకం వాయువు. పెట్రోలు కానిదానికి బంకు వాళ్లతో తగాదా పెట్టుకోవద్దు. పెట్రోలే అయినా బంకు నుంచే వచ్చిందని అప్పుడే అనుకోవద్దు. వాడిన ఇంజిను ఆయిలు నేల మీద పారబోసే షెడ్డు, లారీలు కడిగే చోటు, జనరేటరు డీజిలు డ్రమ్ములు పెట్టిన గది, ఎప్పుడో మూతపడి పైన దుకాణాలు వెలసిన పాత బంకు స్థలం ఇవన్నీ అనుమానించాల్సినవే. నా అనుభవంలో అందరూ మరిచిపోయేది ఈ చివరిదే. వీధిలో 70 ఏళ్ల వాళ్లతో ఒక సాయంత్రం కూర్చుంటే ఏ ఆఫీసు ఫైలులోనూ దొరకని సమాచారం దొరుకుతుంది.

ఆ రోజే ఒక నోటు పుస్తకం తెరవండి. తేదీ, సమయం, మోటారు ఎంతసేపు నడిచాక వాసన వచ్చింది, వాన పడిందా, కాలువలో నీళ్లున్నాయా, పక్కింటి బోర్లో ఎలా ఉంది. రోజుకు నాలుగు వాక్యాలు చాలు. ఆ మొదటి తేదీకి చట్టంలో ఎంత విలువుందో ముందు ముందు చెబుతాను.

మన కాళ్ల కింద ఏముంది

నంద్యాల, ఆళ్లగడ్డలున్న కుందూ లోయ ఎర్రమలలకూ నల్లమలకూ మధ్య పరుచుకుని ఉంటుంది. పైన నల్లరేగడి. దాని కింద పలకలు పలకలుగా ఊడొచ్చే షేల్ రాయి, సున్నపురాయి. భూవిజ్ఞానులు ఈ షేల్‌కు పెట్టిన పేరే నంద్యాల షేల్. దాని కింది సున్నపురాయికి కోయిలకుంట్ల పేరు పెట్టారు. మన ఊళ్ల పేర్లు రాళ్లకున్నాయని సంతోషిస్తే సరిపోదు, ఆ రాళ్లలో నీళ్లు ఎలా కదులుతాయో తెలుసుకోవాలి.

రేగడి బంకమట్టి కదా, చమురును కిందికి దిగనివ్వదు అనుకుంటారు. తడిగా ఉన్నప్పుడు అది కొంత నిజం. వేసవిలో రేగడి నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెల్లోకి నీళ్లు పోయినట్టే డీజిలూ పోతుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. బంకు ట్యాంకులు నేల మీద ఉండవు, మూడు నాలుగు మీటర్ల గుంట తవ్వి పాతిపెడతారు. రేగడి పలచగా ఉన్న చోట ట్యాంకు అడుగు అప్పటికే రాతి పొర మీద ఉంటుంది. రేగడి కాపాడితే పైన ఒలికినదాని నుంచి కాపాడాలి. కింద కారినదాన్ని అది చేసేదేమీ లేదు. పైపెచ్చు తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే ఈ మట్టి ఏటా పైపులను అటూ ఇటూ గుంజుతుంది. జాయింట్లు వదులయ్యేది అలాంటి చోటే. అందుకే ట్యాంకు చుట్టూ, పైపుల చుట్టూ ఇసుక నింపాలి. ఆ ఇసుక కాలువే కారిన చమురుకు రోడ్డు పక్క డ్రైనేజీ దాకా దారి అవుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇసుక నేలలో చమురు ఎంత దూరం పోతుందో ఒక అంచనా కట్టవచ్చు. అమెరికాలో 1990లలో కాలిఫోర్నియా బంకుల మీద జరిగిన అధ్యయనంలో బెంజీన్ చాలా చోట్ల 250 అడుగుల లోపే ఆగిపోయిందని తేలింది. మట్టిలోని బ్యాక్టీరియా దాన్ని తినేస్తుంది. ఈ లెక్కను తెచ్చి మన సున్నపురాయి మీద పెట్టడం పెద్ద పొరపాటు. సున్నపురాయిలో నీళ్లు పగుళ్ల వెంట పోతాయి, పోతూ పోతూ ఆ పగుళ్లను కరిగించి పెద్దవి చేసుకుంటాయి. ఇదే నంద్యాల జిల్లాలో కొలిమిగుండ్ల దగ్గర బేలం గుహలున్నాయి. 3229 మీటర్ల పొడవున అక్కడ మనిషి నడిచేంత దారి చేసింది భూగర్భ జలమే. అంత పెద్ద గుహలు ప్రతిచోటా ఉండవు కానీ రాయి స్వభావం అదే. పక్క వీధి బోరు శుభ్రంగా ఉండి, దూరంగా ఉన్న పొలం బోర్లో వాసన రావడం ఇక్కడ వింతేమీ కాదు. ‘మా పక్కింటికి లేదు కాబట్టి మీకూ లేదు’ అన్న వాదన ఇక్కడ చెల్లదు. ‘బంకు దగ్గరగా ఉంది కాబట్టి బంకుదే’ అన్న వాదన కూడా ఇక్కడ అంతే బలహీనం.

ఇంకొకటి ఈ ప్రాంతపు పొలాలను తడిపే కేసీ కెనాల్. కాలువలో నీళ్లు వదిలాక ఆయకట్టు పొలాల్లో వరి పడుతుంది, బావుల్లో నీళ్లు పైకి వస్తాయి. కాలువ కట్టేసి వేసవి వస్తే కిందికి పోతాయి. పెట్రోలు నీళ్ల కన్నా తేలిక, నీటి మట్టం మీద తేలుతుంది. మట్టం దిగినప్పుడు దానితో పాటు దిగి మట్టికి, రాతి పగుళ్లకు పూసుకుంటుంది. మట్టం పెరిగినప్పుడు ఆ పూత కింద మునిగి కొంచెం కొంచెంగా నీళ్లలో కరుగుతూ ఉంటుంది. వాసన కొన్ని నెలలు పోయి మళ్లీ రావడానికి ఇది ఒక కారణం. కాబట్టి ఒక్కసారి పరీక్ష చేయించి ‘ఏమీ లేదు’ అని తేల్చేయకూడదు. కాలువకు నీళ్లు రాకముందు ఒకసారి, వానలూ కాలువా రెండూ నడిచాక అక్టోబరు, నవంబరులో ఇంకోసారి చేయించాలి.

పరీక్ష ఎక్కడ మొదలుపెట్టాలంటే, బోర్ల కన్నా ముందు పాత దిగుడు బావుల దగ్గర. తేలే చమురు పైనున్న నీళ్లలోనే ముందు కనిపిస్తుంది. వందల అడుగుల లోతున నీళ్లు లాగే బోర్లో చాలా ఆలస్యంగా కనిపించవచ్చు.

బంకు యజమానితో మాట

చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా ఫిర్యాదుకు పోతారు. అది తప్పని నా అభిప్రాయం. కారుతున్న ట్యాంకు వల్ల మొదట నష్టపోయేది దాని యజమానే, రోజూ సరుకు పోతోంది. ఆయన దగ్గర ఉన్న రికార్డు మన దగ్గర లేదు. కాబట్టి మాట ఇలా మొదలుపెట్టండి:

“అన్నా, మా బోరు నీళ్లు వాసనొస్తాండాయి. మీదే తప్పని చెప్పేదానికి రాలే. మీ స్టాకు రిజిస్టరు మూడు నెల్లది ఒకసారి చూసుకోన్నా. మీది సరిగ్గా ఉంటే ఇద్దరం కలిసి వేరే చోట ఎతుకుదాం.”

ఇలా అడిగితే తలుపు వేసుకునేవాళ్లు తక్కువ. ఆ రిజిస్టరులో చూడాల్సింది ఒక్కటే. పొద్దున డిప్ రాడ్ దించి కొలిచిన సరుకు, దానికి ట్యాంకరు దించినది కలిపి, నాజిళ్ల నుంచి అమ్మినది తీసేస్తే మర్నాటి డిప్ రావాలి. కొంచెం తేడా రోజూ వస్తుంది. పెట్రోలు వేడికి వ్యాకోచిస్తుంది, 12 వేల లీటర్ల ట్యాంకరులో 10 డిగ్రీల తేడాకే వంద లీటర్ల పైన మారుతుంది. కొంత ఆవిరి కూడా అవుతుంది. ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ వస్తుంటే అది వాతావరణం, కొలతలో తేడా. రోజూ ఒకే వైపు, తక్కువ వైపే, అందులోనూ ఒకే ట్యాంకులో వస్తుంటే దాని వెంట పడాలి.

డిప్ రాడ్ కొసకు వాటర్ ఫైండింగ్ పేస్టు రాసి దించితే ట్యాంకు అడుగున నీళ్లున్న ఎత్తు వరకు పేస్టు రంగు మారుతుంది. కాలువ నడిచే రోజుల్లో ట్యాంకులోకి నీళ్లు చేరుతున్నాయంటే మూత నుంచి వాన నీళ్లు దిగుతున్నాయేమో ముందు చూడాలి. అది కాకపోతే ట్యాంకుకు ఎక్కడో చిల్లి ఉందనుకోవాలి. బయట నీటి మట్టం ఎత్తుగా ఉన్నప్పుడు నీళ్లను లోపలికి రానిచ్చే చిల్లి, వేసవిలో పెట్రోలును బయటికి పోనిస్తుంది. ఇప్పుడు అమ్మే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు ఉంటోంది కాబట్టి చేరిన నీళ్లను ఇథనాలు కలుపుకుంటుంది, పాత రకం పేస్టు సరిగా చూపదు. ఇథనాలు కలిసిన పెట్రోలుకు వేరే పేస్టు వస్తుంది, అదే వాడాలి. ఇథనాలు ఇంకో చిక్కు కూడా తెస్తుంది. నేలలోని బ్యాక్టీరియా ముందు దాన్ని తినడానికి పోయి ఆక్సిజనంతా ఖర్చు చేస్తుంది, బెంజీన్ అంతకాలం మిగిలి ఇంకా దూరం పోతుంది.

ట్యాంకులు, పైపులు ఎక్కడ కారుతున్నాయో తేల్చే ప్రెషర్ టెస్టు ఆయిల్ కంపెనీ చేయించాలి. డీలరు కంపెనీ సేల్స్ ఆఫీసరును రాతపూర్వకంగా అడగాలి. ట్యాంకరు దించే ఫిల్లర్ పాయింటు దగ్గర, డిస్పెన్సరు కింద ఉండే గుంటలో తడి ఉందేమో చూడటానికి మాత్రం డీలరుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా ఒలికినది పెద్ద కారుడంత చేటు చేస్తుంది.

నీళ్లు పట్టడంలోనే ఉంది అంతా

ఇక్కడ నిలబడి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ పరీక్షలు పాడయ్యేది ఇక్కడే. వాటర్ బాటిల్లో నీళ్లు పట్టుకుని ఊళ్లోని ల్యాబుకు ఇస్తారు. వాళ్లు టీడీఎస్, గట్టితనం, ఫ్లోరైడు, నైట్రేటు చూసి ‘తాగడానికి యోగ్యం’ అని రాసిస్తారు. ఆ పరీక్షల్లో ఏ ఒక్కటీ పెట్రోలును చూడదు. ఊళ్లలో వాడే ఫీల్డ్ టెస్ట్ కిట్టు కూడా చూడదు. ఆ కాగితం చేతికొచ్చాక మీ ఫిర్యాదును మూసేయడానికి అదే పనికొస్తుంది.

అడగాల్సిన పరీక్షలు వేరు. బెంజీన్, టొలుయిన్, ఇథైల్ బెంజీన్, జైలీన్ అనే నాలుగింటినీ కలిపి బీటెక్స్ అంటారు. దానితో పాటు టోటల్ పెట్రోలియం హైడ్రోకార్బన్లు, డీజిలు అనుమానం ఉంటే నాఫ్తలీన్. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబు కావాలి. అందులోనూ ఈ పరీక్షలకే గుర్తింపు ఉందా అని అడగండి. అంతకన్నా ముఖ్యంగా ఎంత తక్కువ దాకా కొలవగలరో ముందే అడగండి. లీటరుకు 50 మైక్రోగ్రాముల కన్నా తక్కువైతే కొలవలేని ల్యాబు ‘కనబడలేదు’ అని రాస్తే, పరిమితికి నాలుగు రెట్లు ఉన్నా కనబడలేదనే రాస్తుంది. 5 కన్నా తక్కువ కొలవగలిగే చోటికే పంపండి.

బెంజీన్ గాలికి పోయే పదార్థం. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి పడితే అప్పటికే సగం ఎగిరిపోయి ఉంటుంది. బోరు తల దగ్గర, ట్యాంకుకు పోకముందే ఉండే కుళాయి నుంచి పట్టాలి. ధార సన్నగా పెట్టాలి, బుడగలు రాకూడదు. ల్యాబు ఇచ్చే 40 మిల్లీలీటర్ల గోధుమరంగు గాజు సీసా వాడాలి, మూత లోపల టెఫ్లాను పొర ఉంటుంది. అందులో యాసిడ్ చుక్కలు ముందే వేసి ఇస్తారు, కడగకూడదు, పొర్లిపోనివ్వకూడదు. సీసా అంచు మీద నీళ్లు గుమ్మటంలా ఉబ్బే దాకా నింపి మూత బిగించాలి. బిగించాక తలకిందులు చేసి వేలితో తట్టి చూడండి. బఠానీ గింజంత గాలి బుడగ కనిపించినా ఆ సీసా పక్కన పెట్టి ఇంకోటి పట్టండి. సీసాలను ఐసు పెట్టెలో పెట్టి వీలైనంత త్వరగా చేర్చాలి. యాసిడ్ వేసిన శాంపిలుకు గడువు 14 రోజులు, వేయనిదానికి 7 రోజులే. పెట్రోలు పోసుకున్న బండి మీద సీసాలు తీసుకెళ్లడం, చేతులకు శానిటైజరు రాసుకుని పట్టడం ఫలితాన్ని పాడు చేస్తాయి. ల్యాబు నుంచి శుద్ధమైన నీళ్లు నింపిన సీసా ఒకటి తెచ్చి, తెరవకుండా మిగతా వాటితోనే తిప్పి వెనక్కి పంపండి. అందులో బెంజీన్ కనిపిస్తే తప్పు దారిలో జరిగింది, మీ బోర్లో కాదు. ఈ ఒక్క సీసా మీ నిజాయితీకి సాక్ష్యం.

నీళ్లు ఎటు పోతున్నాయో తెలియకుండా ఫలితాలకు అర్థం ఉండదు. దానికి కనీసం మూడు బావులు కావాలి, ఒకే వరసలో కాకుండా త్రికోణంగా. మోటార్లన్నీ రాత్రంతా ఆపి, పొద్దున్నే మూడింటిలో నీటి మట్టం కొలవాలి. కొలత నేల నుంచి తీసుకుంటే తప్పు, నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది. మూడు బావుల గట్లనూ మేస్త్రీలు వాడే లెవెల్ పైపుతోనో, సర్వే లెవెల్‌తోనో ఒకే మట్టానికి కట్టి లెక్క వేయాలి. ఎక్కువ ఎత్తున్న చోటి నుంచి తక్కువ వైపు నీళ్లు పోతుంటాయి. బంకుకు ఎగువన శుభ్రంగా ఉండి, దిగువన బెంజీన్ ఉంటే మీ చేతిలో ఆధారం ఉన్నట్టు. ఎగువనే ఉంటే, బంకును వదిలి ఇంకా పైకి వెతకండి. పగుళ్ల రాతిలో ఇది ఉజ్జాయింపే, అయినా ఊహ కన్నా ఎంతో మేలు.

మట్టి తవ్వి పరీక్షించడం, బంకు ఆవరణలో పరిశీలన బావులు వేయడం మాత్రం నిపుణులకు వదిలేయాలి. పాతిపెట్టిన ట్యాంకుల పక్కన ఆగర్ దించడం అందరూ చేసే పని కాదు. వాళ్లు ట్యాంకు గుంట, ఫిల్లర్ పాయింటు, డిస్పెన్సర్ల కింద, పైపు దారి వెంట మట్టి తీసి కవరులో కట్టి, కాస్త ఎండకు వెచ్చబడనిచ్చి, ఆవిరిని కొలిచే మీటరు పెట్టి చూస్తారు. ఎక్కువ చూపిన లోతు నుంచే ల్యాబుకు పంపుతారు.

ఎక్కడ అడగాలి

చెన్నై తండయార్‌పేటలో 2013లో ఇళ్ల బోర్లలో నీళ్లతో పాటు చమురు వచ్చింది. ఓడరేవు నుంచి వచ్చే భారత్ పెట్రోలియం భూగర్భ పైపులైను కారిందని బయటపడింది. విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. నేల కింద నుంచి చమురును తోడే పని ఏళ్ల తరబడి సాగింది. కారడం ఆపడం ఒకరోజు పని, శుభ్రం చేయడం ఏళ్ల పని అని ఆ ఉత్తర చెన్నై వీధులు చూపించాయి.

మన దగ్గరి కేసు ఇంకొకటి ఉంది. హైదరాబాదు హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల పరీవాహకంలో నూనె ఉత్పత్తుల ఫ్యాక్టరీ పెట్టడం మీద ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసులో సుప్రీంకోర్టు 1999లోనూ, 2000లోనూ తీర్పులిచ్చింది. నేల కింద నుంచి వ్యర్థాలు జలాశయాలకు చేరతాయా అన్న ప్రశ్న మీద జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అధ్యయనం కోర్టు ముందుకు వచ్చింది. హాని జరగదని నిరూపించే భారం ఆ పని చేయాలనుకునేవారిదేనని కోర్టు చెప్పింది. ఫ్యాక్టరీకి మినహాయింపు దక్కలేదు. నోటు పుస్తకం పట్టుకుని కలెక్టరేటుకు వెళ్లే మనిషికి ఈ సూత్రం గుర్తుండాలి.

సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక పీజీఆర్‌ఎస్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అదే అర్జీని కాలుష్య నియంత్రణ మండలికి, భూగర్భ జల శాఖకు, పెట్రోలియం లైసెన్సులు చూసే పెసో సంస్థకు, ఆయిల్ కంపెనీకి పంపండి. అర్జీలో ఎవరినీ తిట్టొద్దు. తేదీలు, ఫలితాలు, చేతితో గీసిన చిన్న పటం పెట్టండి. మండలి వాళ్లు వచ్చి 1974 నీటి చట్టం 21వ సెక్షను ప్రకారం నోటీసు ఇచ్చి, శాంపిలును రెండు భాగాలు చేసి, సీలు వేసి, సంతకాలు పెట్టించి తీసుకుంటే ఆ చట్టం కింద అది బలమైన సాక్ష్యం. మీరు పట్టిన శాంపిలు వాళ్లను అక్కడికి రప్పించడానికి పనికొస్తుంది.

2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం స్థానిక సంస్థ గానీ జిల్లా యంత్రాంగం గానీ ప్రజల ఫిర్యాదు మీద కూడా అనుమానిత స్థలాన్ని జాబితాలో చేర్చాలి. రాష్ట్ర మండలి 90 రోజుల్లో ప్రాథమిక అంచనా, ఆ తర్వాత సవివర పరిశోధన చేయాలి, పాడు చేసినవారే బాగుచేసే ఖర్చు భరించాలి. మీ అర్జీలో ఈ నియమాల పేరు రాయండి. హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లాల్సి వస్తే మన రాష్ట్రానికి చెన్నై బెంచి. వివాదం మొదలైన ఆరు నెలల్లోపు వెళ్లాలి, పరిహారం అడగడానికి ఐదేళ్లు. మొదటి తేదీ ముఖ్యమని పైన చెప్పింది అందుకే.

ఇదంతా కారాక చేసే పని, ముందే చూసుకునే పద్ధతి కూడా ఉంది. అమెరికాలో బంకు కొనాలన్నా, దాని పక్క స్థలం కొనాలన్నా బ్యాంకు ముందుగా ఫేజ్ 1 అనే పర్యావరణ పరిశీలన అడుగుతుంది. స్థలం పాత చరిత్ర, మ్యాపులు, రికార్డులు అందులో చూస్తారు. అనుమానం వస్తే ఫేజ్ 2లో మట్టి, నీళ్లు పరీక్షిస్తారు. అక్కడ 1984 నుంచి భూగర్భ ట్యాంకుల మీద చట్టం నడుస్తోంది, కారినట్టు తేలిన కేసులే 5 లక్షలకు పైగా ఉన్నాయి. మన దగ్గర స్థలం కొనేటప్పుడు వాస్తు చూస్తాం, లింకు డాక్యుమెంట్లు చూస్తాం, ఆ స్థలంలో ఇంతకు ముందు ఏముండేదో అడగం. బంకులకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ) 2020 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో కొత్త బంకు స్కూళ్లకు, ఆసుపత్రులకు, నివాస ప్రాంతాలకు 50 మీటర్ల దూరంలో ఉండాలని ఉంది. స్థలం లేక తప్పనిసరైనా 30 మీటర్ల కన్నా దగ్గర పనికిరాదు. అంతకు ముందే వెలసిన పాత బంకుల పక్కన ఉన్నవాళ్లను కాపాడేది వాళ్ల జాగ్రత్తే.

నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో రోడ్డు పక్క బోరు నీళ్లు వాడుతున్నవాళ్లకు నా విన్నపం ఒకటే. వాసన వచ్చేదాకా ఆగొద్దు. వీధిలో పదిళ్లు కలిసి ఖర్చు పంచుకుని, ఈసారి కేసీ కెనాల్‌కు నీళ్లు వదిలేలోపే ఒక్కసారి బీటెక్స్ పరీక్ష చేయించండి. ఏమీ లేదని వస్తే ఆ కాగితాన్ని ఇంటి దస్తావేజులతో కలిపి దాచండి. రేపు ఏదైనా జరిగినప్పుడు మీ నీళ్లు అంతకు ముందు శుభ్రంగా ఉండేవని చెప్పగలిగేది ఆ కాగితం ఒక్కటే.